లైటు వెలగని లైను

మెట్ల మలుపులో గోడకున్న ఇనప పెట్టె తెరిచి, నెట్ టెక్నీషియన్ బుర్ర గోక్కున్నాడు.

“ఇందులో ఎనిమిది లైన్లకే చోటుంది మేడమ్. ఎనిమిదీ నిండిపోయాయి. పెద్దది తెప్పించి పెట్టాలంటే వారం పడుతుంది.”

“వారమా!” అంది ఆఫీసు యజమానురాలు.

ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు అది. తెరిచి పది రోజులైంది. నాలుగు కంప్యూటర్లు, కొత్త రూటరు, గోడల వెంట లాగిన వైర్లు, అన్నీ ముస్తాబై కూర్చున్నాయి. నెట్ ఒక్కటే తక్కువ. సాయంత్రంలోగా మొదటి ప్లాను పంపకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకే ఆవిడ పొద్దుటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

పెట్టెలోకి తొంగి చూసింది.

“అన్నిటికీ పచ్చ లైటు ఉంది. ఆ చివరిదానికి లేదేం?”

“అటువైపు ఇంట్లో మెషీన్ ఆపేసి ఉంటే వెలగదండీ.”

“అంటే ఎవరూ వాడట్లేదన్నమాట. అది తీసేసి మాది పెట్టండి.”

టెక్నీషియన్ నీళ్లు నమిలాడు. “ఎవరిదో చూసి, ఒక్క మాట అడిగొస్తాను మేడమ్.”

“అడగడం మొదలుపెడితే ఇవాళ పనైనట్టే! వాడేవాళ్లయితే వాళ్లే అడుగుతారు లెండి. ముందు పెట్టండి.”

పెట్టాడు. ప్లాను వెళ్లింది. పని దక్కింది.

మర్నాడు నాలుగు కావస్తుండగా పై అంతస్తు పెద్దాయన చంకలో పాత లాప్‌టాప్‌తో గుమ్మంలో నిలబడ్డాడు.

“అమ్మాయ్, మా ఇంట్లో నెట్ రావట్లేదు. ఒక్క పావుగంట మీది వాడుకోనిస్తావా?”

“ఏం పని బాబాయ్ గారూ?”

“మా ఆవిడ ఆసుపత్రిలో ఉందమ్మా. ఎవర్నీ లోపలికి రానివ్వని వార్డు. రోజూ నాలుగింటికి నర్సు వీడియోలో చూపిస్తుంది. ఫోన్లో చూద్దామంటే ఈ సందులో సిగ్నల్ మాటలకి సరిపోతుంది గానీ వీడియోకి చాలదు.”

ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. మరుక్షణం, ఇవాళ ఇస్తే రేపూ వస్తాడనిపించింది.

“పాస్‌వర్డ్ బయటివాళ్లకి ఇవ్వకూడదండీ. మా ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏమీ అనుకోకండి.”

“ఛ ఛ, ఏమనుకుంటాను” అని ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు.

రెండో రోజు మళ్లీ వచ్చాడు.

“పాస్‌వర్డ్ నాకు చెప్పొద్దు. నువ్వే కలుపు, అయిపోగానే నువ్వే తీసెయ్.”

ఆమె ఎవరితోనో ఫోన్లో ఉంది. తర్వాత అన్నట్టు చెయ్యి ఊపింది. మాట్లాడటం ముగించేసరికి నాలుగున్నర అయింది. గుమ్మంలో ఆయన లేడు.

మూడో రోజు అద్దాల తలుపు అవతల ఆయన్ని చూసి, చూడనట్టు కంప్యూటర్ తెరలోకి తల దూర్చింది. ఆయన తలుపు తట్టలేదు. నాలుగూ పది దాకా నిలబడి వెళ్లిపోయాడు. ఆ పది నిమిషాల్లో ఆమె ఒక్క గీత కూడా గీయలేదు.

నాలుగో రోజు రాలేదు. పీడా వదిలిందనుకుంది. ఆ మాట తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు చెంపలు వేసుకుందో ఆమెకే తెలియదు.

రెండు వారాలు గడిచాక ఒక పొద్దున ఆఫీసులో నెట్ ఠపీమని పోయింది. ఫోన్ చేస్తే టెక్నీషియన్ వచ్చాడు. ఇన్నాళ్లకి కొత్త పెట్టె కూడా మోసుకొచ్చాడు. పాతది తెరిచాడు. ఒక్క లైటూ వెలగడం లేదు.

అందులో ఒక వైరు మాత్రం ఊడి వేలాడుతోంది. దాని చివర చీటీ కట్టి ఉంది. ఆమె చదివింది. ‘పై అంతస్తు, కుడి వైపు.’

“ఇది...”

“ఆ రోజు మీ కోసం తీసిందే మేడమ్. పెద్దాయన నాలుగింటికి తప్ప మెషీన్ పెట్టడట. మనం చూసింది పొద్దున కదా, లైటు లేదు.”

ఆమె ఆ చీటీ మళ్లీ చదివింది.

“తీసింది నా కోసమని ఆయనకి తెలుసా?”

“ఆ సాయంత్రమే ఫోన్ చేశాడండీ. ఉన్న సంగతి చెప్పేశాను. వాళ్లది తీసి మళ్లీ మీది పెట్టమంటారా అని కూడా అడిగాను.”

“ఏమన్నారు?”

“వద్దులే, ఆ అమ్మాయి కొత్తగా ఆఫీసు పెట్టుకుంది, పాపం, పావుగంటే కదా, నేనే వెళ్లి అడుగుతాను అన్నాడు.”

మూడు రోజులు గుమ్మంలో నిలబడి కూడా ఆయన ఆ మాట ఎత్తనే లేదు.

“వాళ్లావిడకెలా ఉంది ఇప్పుడు?”

“మీకు తెలీదా? ఆ వారంలోనే పోయింది మేడమ్. ఆయన ఇవాళ పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి ఊరు వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ నాకు ఫోన్ చేసి, కింద అమ్మాయి పని ఆగిపోతుంది, త్వరగా వచ్చి చూడు అన్నాడు.”

“నా నెట్ పోతుందని ఆయనకెలా తెలుసు?”

టెక్నీషియన్ పెట్టె వెనక నుంచి ఒక నల్ల వైరు పైకి లాగి చూపించాడు. ఆమె కళ్లు దాని వెంటే మెట్లెక్కి, తాళం వేసిన ఇంటి కిటికీ దగ్గర ఆగిపోయాయి.

ఈ మేడకంతటికీ నెట్ ఇచ్చే ఆ పెట్టె ఇన్నేళ్లుగా నడిచింది ఆ పెద్దాయన ఇంటి కరెంటుతోనే; తన లైను పీకించింది ఎవరో తెలిశాక కూడా, ఇల్లు వదిలే క్షణం దాకా ఆయన ఆ స్విచ్ ఆపలేదు.