ఎనిమిదో సముద్రం

కార్గిల్ యుద్ధంలో ఉన్న ఎజ్రా తల్లికి ఉత్తరం రాశాడు: "రోజూ తొమ్మిదింటికి నాకు కథ చెప్పమ్మా. ఈ కాల్పుల మోతలో అదే తలుచుకుని ఊ కొడుతుంటా."

భట్టిప్రోలులో ఏసమ్మ, రాత్రి ప్రార్థన కాగానే, కొడుకు ఖాళీ మంచం పక్కన కూర్చుని కథ చెప్పేది.

"మంచం ఊ కొడుతుందేంటే?" అని భర్త ఇస్సాకు నవ్వేవాడు.

ఒక రాత్రి కరెంటు పోయింది. కథలో రాజకుమారుడు ఏడో సముద్రం దాటి ఇల్లు చేరబోతున్నాడు.

"ఊ," అంది మంచం. ఎజ్రా అయిదేళ్లప్పటి గొంతు.

ఇస్సాకు నవ్వలేదు. "కథ ఆపమాకే," అన్నాడు మంచం కోడు పట్టుకుని.

దేవుడికి స్తోత్రం చెప్పాలో, ఏడవాలో ఏసమ్మకు తెలియలేదు. కథ అయిపోతే వాడు వెళ్లిపోతాడన్న భయం ఒక్కటే తెలుసు.

"అవతల ఎనిమిదో సముద్రం ఉందయ్యా..."

ఈసారి ఊ కాస్త ఆలస్యంగా వచ్చింది.