రెండో తొట్టి పీతలు

కర్మన్‌ఘాట్‌లో జనార్ధన్ ఇంటి వరండా అంతా సముద్రం కంపు కొడుతోంది.

కారణం అతని అన్న కూతురు మౌనిక. కాలేజీ ప్రాజెక్టని చెప్పి, ఎక్కడో ఓడరేవు అడుగునుంచి తీసిన బురదను రెండు గాజు తొట్లలో పోయించింది. ఓడల నూనె, ఫ్యాక్టరీల విషం ఇంకిన కాటుక లాంటి బురద. మొదటి తొట్టి బురదలో బొగ్గుపొడి కలిపింది. రెండో దాన్ని అలాగే వదిలేసింది. రెండింట్లోనూ ఉప్పునీళ్లు, పీతలు.

బొగ్గు విషాన్ని పీల్చుకుంటుందట. మొదటి తొట్టి పీతలు బతకాలి, రెండో తొట్టివి చావాలి. అది రుజువైతే, నిజమైన సముద్రం అడుగున బొగ్గు పరిచే బృందంలో మౌనికకు చోటిస్తానని ప్రసన్నకుమార్ సార్ మాటిచ్చాడు.

"సముద్రానికి పండ్లు తోమే పొడి ఏస్తున్నవా బిడ్డా?" అన్నాడు జనార్ధన్. అందరూ నవ్వారు.

అతని తల్లి బుచ్చవ్వ నవ్వలేదు. "గీ రెండో తొట్టిల ఎండ్రికాయలు ఏం పాపం చేసినయే?" అంటూ రోజూ వాటి పక్కనే కూర్చునేది.

ఆ వారం నుంచే ఆమెకు పళ్లు తోముకునే బొగ్గుపొడి మీద మోజు పుట్టింది. జనార్ధన్ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లినప్పుడల్లా ఒక డబ్బా తేవాల్సిందే. నాలుగు రోజులకే అది ఖాళీ.

"అవ్వా, నీ పండ్లు ముత్యాల లెక్క మెరుస్తున్నయి. ఇంకో డబ్బ తేవాల్నా?" అని ఆటపట్టించేవాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల ఊపేది.

నెల తిరిగింది. సార్ వచ్చి తొట్లలోకి తొంగిచూశాడు. రెండింట్లోనూ పీతలు కొండ్లు ఆడిస్తూ పరుగులు పెడుతున్నాయి.

"ఇదేంటమ్మా, రెండో తొట్టివి కూడా భేషుగ్గా ఉన్నాయి? అయితే బొగ్గుతో ఒరిగేదేం లేదన్నమాట." ఆయన బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

మౌనిక కళ్లలో నీళ్లు తిరిగాయి. బుచ్చవ్వ కొంగు మళ్లీ నోటి మీదికి పోయింది.

జనార్ధన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"జర ఆగుండ్రి సార్. బొగ్గు మస్తు పనిచేస్తది. నెల సంది మా అవ్వ గన్ని డబ్బల బొగ్గుపొడి పండ్లకే వాడింది. అవ్వా, సార్‌కు ఒక్కపారి పండ్లు చూపియ్యే."

కొంగు తీసి సిగ్గుగా నవ్విన బుచ్చవ్వ నోట్లో ఒక్క పన్నంటే ఒక్క పన్ను లేదు.