ఖాళీ జాగ

తెర మీద పాత జానపద గీతాల క్యాసెట్ కవరు పెద్దగా కనిపించింది. కింద పాటల పేర్లు, పైనంతా ఉత్త తెలుపు.

"బొమ్మ పెట్టకుండా, పాట మీద నమ్మకంతో ఇంత జాగ ఖాళీగా వదిలారు. అదీ సార్ ధైర్యం!" అంది జ్యోతి. డిజైన్ క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఆ కవరు చేసిన ఆనందరావు అతిథిగా ముందు వరుసలోనే ఉన్నాడు. తల దించుకున్నాడు.

"ధైర్యం గాదు బిడ్డా. గా జాగల, పాటలు పాడినామె ఫొటో ఉండె. గీ మొఖం జూస్తె ఎవ్వలు కొనరని కంపెనీవాళ్లు తీసెయ్యమన్నరు, తీసేసిన. కవరు జూసి ఆమె కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని పోయింది. ఇప్పుడు యాడున్నదో ఏమో."

జ్యోతి తెర మీది తెల్ల జాగ వైపు తిరిగింది.

ఆ పొద్దున కాశిబుగ్గలో ఇంటి నుంచి బయల్దేరుతుంటే, నాయినమ్మ మంచి చీర కట్టుకుని గడపలో నిలబడింది.

"నేను పాడిన పాటల ముచ్చటేనాయె. నేను గూడ వస్త."

"నిన్ను జూస్తె అందరు నవ్వుతరు. నువ్వు రాకు," అంది జ్యోతి.

నాయినమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.