నాలుగో కథ

"ఆ నాలుగో కథ తీసెయ్యండి మేడమ్. మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు వగ్దీ.

అన్నంత పనీ చేశాడు. నలభై దాటిన మనిషి, అలెగ్జాండ్రియాలో సగం పెళ్లిళ్లకు వీడియో తీసినవాడు, ఎడిటింగ్ గదిలో నేలమీద కూలబడి షహీరా కాళ్లకేసి చేతులు చాచాడు. ఆమె కంగారుగా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఐదుగురు దర్శకులు తీసిన ఐదు దెయ్యం కథలు కలిపితే ఒక సినిమా. రెండేళ్లుగా దాన్ని నిర్మాతగా షహీరా నెత్తిన మోస్తోంది. మొదటి కథలో లిఫ్టులో తేలే జిన్నుకు కట్టిన తాడు కనిపిస్తుంది. రెండోదానిలో మంగలి షాపు అద్దంలోని శవం నవ్వాపుకోలేకపోయింది. మూడోదానిలో రాక్షసి పెళ్లికూతురి రబ్బరు చెవి ఊడి టీగ్లాసులో పడింది. మళ్లీ తీద్దామంటే షూటింగుకిచ్చిన ఇంటివాళ్లు గడప తొక్కనివ్వలేదు. ఐదోది శ్మశానం. ఎంత గాలివానలోనైనా అక్కడ ఒక్క చెట్టే ఊగుతుంది, ఉన్నది ఒక్క ఫ్యానే కాబట్టి.

నాలుగోది వగ్దీది. నిడివి పదకొండు నిమిషాలు.

సామాన్ల కొట్టులో ఒక ఆడమనిషి ఉంటుంది. బయట గడియ పడుతుంది. కెమెరా పై అరలోంచి కదలకుండా చూస్తూ ఉంటుంది. ఆమె తలుపు తీయమని బతిమాలుతుంది. అవతల మొగుడు గొంతు పెంచడు. "బుద్ధొచ్చాక చెప్పు, తీస్తాను" అంటాడు, పక్కింటివాళ్లను పలకరించినంత నెమ్మదిగా. కాసేపటికి ఆమె బతిమాలడం మానేసి, కింద కూర్చుని, బుట్టలోంచి కుళ్లిన ఉల్లిపాయలు ఏరడం మొదలుపెడుతుంది. అంతే. దెయ్యమూ లేదు, రక్తమూ లేదు. అది మొదటిసారి చూసినరోజు సౌండు చూసే ముసలి బస్యూనీ నోట్లో సిగరెట్ పెట్టుకుని వెలిగించడం మర్చిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు, వగ్దీ తప్ప. అతని ముఖం పాలిపోయింది.

టాంజియర్‌లో జరిగే చిత్రోత్సవం వాళ్లు ఉత్తరంలో దాపరికం లేకుండా రాశారు. మీ సినిమాను తీసుకుంటున్నది నాలుగో కథ కోసమే అని. గురువారం సాయంత్రంలోగా తుది ప్రతి పంపాలి. ఇవాళ బుధవారం. షహీరాకు యాభై నాలుగేళ్లు. ఇది పోతే మరో సినిమా తన చేతికి రాదని ఆమెకు తెలుసు.

వగ్దీ వారం రోజులుగా పూటకో కారణం చెబుతున్నాడు. అది రిహార్సల్ మాత్రమేనన్నాడు. డిస్కు మారిపోయిందన్నాడు. తను నిజంగా తీసింది ఇదీ అంటూ బావిలోంచి లేచే జిన్ను కథ తెచ్చి చూపించాడు. అది చూశాక, రబ్బరు చెవి కథే నయమనిపించింది షహీరాకు. కన్నబిడ్డ ముఖం గుర్తుపట్టని తండ్రిలా తన గొప్పపని తనకే తెలియని మనిషిని ఏం చెయ్యాలో ఆమెకు పాలుపోలేదు.

"మా ఆవిడ ముఖం ఊరంతా చూస్తుంది మేడమ్. మా ఇంటి పరువేం కావాలి?" అన్నాడు చివరికి.

అప్పటికి విషయం అర్థమైందనుకుంది షహీరా. పెళ్లాం పేరు తన పేరును మించిపోతుందని ఈ మగాడి దిగులు.

"కథ వెనక్కి తీసుకునే హక్కు నీకు లేదు వగ్దీ. నువ్వు ఎర్రసముద్రం వైపు పెళ్లి వీడియోకి పోయినప్పుడు డిస్కు తెచ్చిచ్చింది మీ ఆవిడ నగ్వాయే. కాగితం మీద సంతకం కూడా ఆమెదే."

"అందుకే అడుగుతున్నాను. పది రోజులుగా వాళ్ల అక్క ఇంట్లో కూర్చుంది. నా ఫోన్ ఎత్తదు. మీరు చెబితే వింటుంది. వద్దని ఒక్క ముక్క రాయించుకు రండి."

అలాగే వెళతానంది షహీరా. రాయించుకు రావడానికి కాదు, వద్దనకమ్మా అని బతిమాలడానికి. ట్రాములో ఆ అరగంటా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. నగ్వా మొగుడి మాటకు తలూపితే రెండేళ్ల కష్టం సముద్రంలో కలిసినట్టే.

మొహర్రంబే పేటలో అక్క ఇల్లు మూడో అంతస్తు. నగ్వా వంటింటి బల్ల దగ్గర ములూఖియా కూరకి ఆకు దూస్తోంది. సన్నగా, తెరమీద కన్నా చిన్నదానిలా ఉంది. షహీరా నోరు తెరవకముందే అడిగింది.

"తీసేశారా?"

"లేదమ్మా. కానీ మీ ఆయన..."

"ఒక్క ముక్క కూడా కొయ్యొద్దు మేడమ్. ఏ కాగితం మీదైనా సంతకం పెడతాను."

షహీరా గుండెల మీంచి బండ దిగింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. తనూ నాలుగు కాడలు అందుకుని ఆకు దూయసాగింది.

"ఒక్క కోరిక" అంది నగ్వా. "మన ఊళ్లో వేసే రోజున మా అన్నయ్యలిద్దరికీ ముందు వరసలో సీట్లు ఇప్పించండి. మధ్యలో లేచి వెళ్లకుండా చూడండి."

చెల్లెలి ప్రతిభ అన్నలు చూడాలనే ముచ్చట కాబోలనుకుని షహీరా నవ్వింది. తప్పకుండా అని మాటిచ్చింది. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న మెచ్చుకోలు అప్పుడు బయటపెట్టింది. పేరున్న నటులతో పనిచేశాననీ, ఇంత సహజంగా ఎవరూ చెయ్యలేదనీ అంది.

"నువ్వే కాదు. తలుపవతల మీ ఆయన గొంతు... కోపం లేకుండా అంత భయపెట్టడం మాటలు కాదు. ఇద్దరూ ఎన్నిసార్లు సాధన చేశారేమిటి?"

నగ్వా చేతిలో ఆకు ఆగింది.

"ఆరోజు కెమెరా తిరుగుతోందని ఆయనకి తెలీదు మేడమ్."