నీళ్లపైన బొటనవేలు

తమ్ముడు అరచేతులతో నీళ్లు చిందిస్తూనే ఉన్నాడు. అంత ఎత్తు నుంచి దూకేవాళ్లకి కదలని నీరు కనబడదు. అది ఎక్కడ మొదలవుతుందో తెలియకపోతే ఒళ్లు నిలువుగా దిగదు, ఎముకలు మిగలవు. అందుకే కింద రెస్క్యూ డైవర్లు ముగ్గురు అలా నీటిని కదిలిస్తూ ఉండాలి. ఆ ముగ్గురిలో ఇతనొకడు. పైన, ఏడంతస్తుల ఎత్తులో, దూకే బల్ల అంచున నిలబడింది ఇతని అక్క.

జనం ఆమెని లకుముకి అంటారు. ఆ పిట్టలాగే గాల్లో ఒక్క క్షణం ఆగినట్టు కనబడి నీళ్లలోకి దిగిపోతుంది. మూడుసార్లు ప్రపంచ విజేత. ఇవాళ గెలిస్తే నాలుగు. మిగిలింది ఆమె ఆఖరి డైవ్ ఒక్కటే.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. దూకినవాళ్లు నీళ్లపైకి రాగానే బొటనవేలు ఎత్తి చూపాలి. అది లేవకపోతే డాక్టరు ఆపి పరీక్షిస్తాడు. తలకి దెబ్బ తగిలిందని తేలితే ఆట అక్కడితో సరి. పోయిన వారం ప్రాక్టీసులో అక్క వేలు లేవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ వాటిలో మనిషి లేదు. తమ్ముడికి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా ఆమె వేళ్లు మడిచి, బొటనవేలు నిలబెట్టి, నీళ్ల కింద నుంచి మోచెయ్యి పైకి నెట్టాడు. గట్టు మీది డాక్టరు చూసి, తలూపి, ఫోను మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున మళ్లీ ఆ సంగతే ఎత్తాడు తమ్ముడు. డాక్టరుతో చెప్పేద్దామన్నాడు. చెబితే జన్మలో నీ మొహం చూడనంది అక్క. కాసేపటికి తనే మెత్తబడింది.

"ఈ ఒక్కటీ దూకనివ్వరా. రేపు నువ్వే దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్లు."

"మళ్లీ అలా అయితే?"

"నా చెయ్యి నువ్వు ఎత్తక్కర్లేదు. నేనే ఎత్తుతా, చూడు."

అక్క మాట కాదనడం చిన్నప్పటి నుంచీ అతనికి చేతకాదు. నోరు కుట్టేసుకున్నాడు. చుట్టూ ఇన్ని నీళ్లున్నా ఇప్పుడా నోరే ఎండిపోతోంది.

విజిల్ మోగింది. ఆమె గాల్లో మూడు పల్టీలు కొట్టి, కాళ్లు కిందికి తెచ్చుకుని, నీళ్లని చీల్చుకుంటూ దిగింది. తమ్ముడు వెంటనే మునిగాడు. తెల్లటి నురగ తప్ప ఏమీ కనబడలేదు. అటూ ఇటూ తడిమాడు. ఊపిరి అందక పైకి తేలేసరికి ఆమె అప్పటికే నీళ్లపైన ఉంది. బొటనవేలు నిటారుగా లేచి ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు.

స్టాండులు దద్దరిల్లాయి. తమ్ముడికి ఏడుపు ముంచుకొచ్చింది. నీళ్లలో ఉన్నాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

గట్టెక్కాక డాక్టరు ఎప్పుడూ అడిగే ప్రశ్నలే అడిగాడు. పేరేంటి, ఇది ఏ ఊరు, ఎన్నో రౌండు. ఆమె తడుముకోకుండా చెప్పింది. ఆఖరి రౌండని చెప్పేటప్పుడు నవ్వింది కూడా. డాక్టరు భుజం తట్టి పంపేశాడు. ఆమె తువ్వాలు కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

మార్కులు ఆ తర్వాత పడ్డాయి. రెండో స్థానంలో ఉన్న అమ్మాయి ఎక్కడో వెనకబడిపోయింది. తను నోరు జారి ఉంటే ఇదంతా ఉండేదా అనుకున్నాడు తమ్ముడు. తన మౌనం మీద తనకే గర్వం కలిగింది.

పతకం ఇవ్వడానికి మైకులో పిలుస్తున్నారు. ఎంతకీ ఆమె రాలేదు. తమ్ముడు డ్రెస్సింగ్ రూముకి పరుగెత్తాడు. అక్క బెంచీ మీద తడి బట్టలతోనే కూర్చుని, మణికట్టుకి కొత్త టేపు చుట్టుకుంటోంది.

"ఇక్కడ కూర్చున్నావేంటక్కా? నువ్వే గెలిచావు, పద."

ఆమె తలెత్తి అతన్ని వింతగా చూసింది.

"నేనింకా దూకనేలేదు కదరా."