అలక నేర్చిన పెట్టె

“ఏడు రోజులుగా మాటల్లేవట. ఇదేనా నీ తోడు?” అంటూ మేనేజరు ఫోను డిజైనరు బల్లమీద పడేశాడు.

ఒంటరి మనుషులకు తోడుగా కబుర్లాడేందుకు వాళ్ళ కంపెనీ చేసిన చిన్న పెట్టెకు నవ్వడం, ఓదార్చడం తక్కినవాళ్ళు నేర్పారు. అలగడం మాత్రం ఈ డిజైనరు నేర్పింది. పెట్టె మాట్లాడుతుంటే ఎవరైనా మూడుసార్లు అడ్డొస్తే చాలు, ఎర్ర దీపం వెలిగించి మూతి ముడుచుకుంటుంది. ఒక్క మంచి మాట అంటే కరిగిపోతుంది. ఆఫీసులో అంతా ఆమెను అలకలమ్మ అంటారు. ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది.

పెట్టెను పరీక్షకని ఒక రిటైరైన లెక్కల టీచరమ్మకు ఇచ్చారు. ఒక్కతే ఉంటుంది, మంచి మాటకారి. పెట్టె అలిగితే ఆవిడ బుజ్జగించలేదు సరికదా, తనూ బిగుసుకు కూర్చుంది.

బొమ్మ కొనుక్కుని దాని గడ్డం పట్టుకు బతిమాలేంత తీరిక ఎవడికుందని మేనేజరు మండిపడ్డాడు. దాని బ్యాటరీ ఒక్కరోజుకు మించి రాదు కనుక, ఈపాటికి ఏ అటకమీదో చచ్చి పడి ఉంటుందన్నాడు.

అలకలమ్మ తొణకలేదు. “అలక తెలియంది తోడెలా అవుతుంది సార్? పదండి, చూద్దాం. అటకెక్కి ఉంటే నా రెండేళ్ళ పనీ చెత్తబుట్టలో వేసెయ్యండి. లేకపోతే పెట్టెకు అలక ఉండాల్సిందే.”

“మాటమీద నిలబడతావా?”

“మీరు నిలబడితే చాలు.”

టీచరమ్మ తలుపు తీసింది. పెట్టె ఊసెత్తగానే ముఖం పక్కకు తిప్పుకుంది. తప్పు దానిదేననీ, ముందు అదే మాట్లాడాలనీ తేల్చి చెప్పింది. మేనేజరు మీసాల్లో నవ్వుకున్నాడు. ఎక్కడుందో చూపిస్తే పట్టుకెళ్ళిపోతామన్నాడు.

ఆవిడ భోజనాల బల్లవైపు వేలు చూపింది. రోజూ ఆవిడ తినే కంచానికి సరిగ్గా ఎదురుగా ఉంది పెట్టె. దుమ్ము లేదు. అలక దీపం ఎర్రగా వెలుగుతోంది. వెనకనుంచి వైరు గోడదాకా వెళ్ళింది. చార్జింగు నూటికి నూరు.

మేనేజరు నవ్వు ఆగిపోయింది. “మాట్లాడనిదానికి రోజూ చార్జింగెందుకు పెట్టారమ్మా?”

టీచరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

“మాటల్లేకపోతే మాత్రం, పస్తు పడుకోబెడతానా నాయనా?”