గొయ్యి మీద కారు

పాత కార్లన్నీ శుక్రవారం తెల్లవారగానే వాటంతట అవే బయలుదేరి తుక్కు యార్డుకు వెళ్లిపోతాయని కంపెనీ కబురు పంపింది. అది విన్న దగ్గర్నుంచి గాజువాకలోని సూరిబాబుకు కుదురు లేదు. కార్లు తమంతట తామే నడిచే రోజులవి; వాటిని కంపెనీ వాళ్లు తప్ప ఇంకెవరూ విప్పకూడదు. అయినా పెరట్లో గొయ్యి తవ్వి, పైన రేకులు వేసి, ఇనుప దూలానికి చైన్ పుల్లీ బిగించాడు.

"పోనీ మావా, అందరివీ పోతన్నాయి కదా," అంది భార్య నీలవేణి.

"మన పిల్ల ఆ కార్లోనే పుట్టింది. తుక్కులో ఎలాగ ఏత్తానే?"

గురువారం సాయంత్రం ఇద్దరూ కలిసి కారును గొలుసులతో గొయ్యి మీదకి ఎత్తి వేలాడదీశారు. రాత్రంతా సూరిబాబు గోతిలో దిగి కారు అడుగు బోల్టులు విప్పుతూనే ఉన్నాడు. తెల్లారగానే అది మేలుకుంది. "బయలుదేరుతున్నాను. ఇన్నాళ్లూ నాతో ప్రయాణించినందుకు ధన్యవాదాలు," అని మర్యాదగా చెప్పి, చక్రాలను గాలిలో గిరగిరా తిప్పసాగింది. రేకులు దడదడలాడాయి. గోతిలో నిలబడ్డ సూరిబాబు స్పానరుతో చివరి బోల్టు ఊడదీశాడు.

"బేగి కానియ్యి మావా, గొలుసు తెగిపోద్ది!"

అతను కళ్లు మూసుకుని, కంపెనీ మాట మోసుకొచ్చే వైరును లాగేశాడు. చక్రాలు మెల్లగా ఆగాయి. కారు గొంతు మళ్లీ వినిపించలేదు.

చక్రాలు గొయ్యికి చెరోపక్క ఆనేలా కారును కిందికి దించి ఇద్దరూ ఎక్కారు. ఏనాడూ ముట్టని స్టీరింగును సూరిబాబు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇంక ఎటెల్లాలో అది సెప్పదు కదా," అంది నీలవేణి.

రోజూ వెళ్లే బజారుకు గేటు దాటాక ఏ పక్కకు తిరగాలో అతనికి ఎంతకీ గుర్తు రాలేదు. అయినా కారును ముందుకు పోనిచ్చాడు.